టర్కీ యను పక్షినామము: దాని పుట్టుపూర్వోత్తరములు

 ఎవరి స్మృత్యర్థము ఏటేట ఈ సభ జరుగుచున్నదో ఆ పండితవర్యులు పదములను వాని యర్థములకొఱకే గాక, వానిని దేశదేశములకు మోసికొనిపోయిన మనుష్యులకొఱకు గూడ ప్రేమించినవారు. కావున వారి పేర వెలసిన ఈ వేదికనుండి మిక్కిలి సామాన్యమైన యొక ఆంగ్లపక్షినామమును చేకొని, దాని ప్రయాణమును నాకు తెలిసినంతవఱకు వివరించుట సముచితమేయని నమ్ముచున్నాను.

ఆంగ్లభాషలో టర్కీ యను నొక్క మాటయే ఒక దేశమునకును ఒక పక్షికిని పేరైయున్నది. దేశము ఆసియా యూరపుఖండముల సంధియందున్నది. పక్షి పుట్టినది అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలనున్న అమెరికాలో. తురుష్కులు ఈ పక్షిని తమదని యెన్నడును చెప్పికొన్నవారు కారు. వారు దానిని 'హిందీ' యందురు, అనగా హిందూదేశమునుండి వచ్చినదని. హిందూదేశమునకు వచ్చి విచారించినచో, ఉత్తరాదివారు పోర్చుగీసువారి నోటినుండి నేర్చిన 'పీరూ' యను పేరుతో దానిని దక్షిణ అమెరికాలోని పెరూదేశమునకు అప్పగించిరి. పెరూలోనో అది స్వతస్సిద్ధముగా లేదు. ఇట్లు ప్రతి జాతియు వేలు చూపి మఱియొక దేశమును పేర్కొనుటను పలువురు వినోదార్థము చెప్పికొందురు. నాకు మాత్రమిది గంభీరవిషయముగా తోచుచున్నది. ఈ పేళ్ళలో నొక్కటియు పక్షి పుట్టినచోటు చెప్పదు. ఏ వర్తకుని చేతినుండి అది తమ యూరికి వచ్చినదో, లేక వచ్చినదని కొన్నవారు తలచిరో, ఆ సంగతిని మాత్రము చెప్పును. అమ్మినవాని పేరు విపణిలో నిలిచినది. వేల యేండ్లు పెంచి మచ్చికచేసినవారి పేరు ఆ విపణికి చేరనేలేదు. నేను ఈనాడు చెప్పదలచినదంతయు ఈ అన్యాయమును గూర్చియే.

కనుక పెంచినవారితోడనే ప్రారంభింతము. మెక్సికోదేశపు పూర్వజనులు ఈ పక్షిని సుమారు రెండువేల సంవత్సరముల క్రిందటికే ఇంటిపక్షిగా చేసికొనిరి. గుఱ్ఱము, ఆవు, గొఱ్ఱె, మేక, మనమెఱిగిన కోడి, ఇవి యేవియు లేని యా దేశమున కుక్క తరువాత ముఖ్యమైన పెంపుడుప్రాణి యిదియే. దాని మాంసమును గ్రుడ్లును ఆహారమయ్యెను, ఈకలు ఉత్తరీయములలో నేయబడెను, దేవతలకు బలియయ్యెను, తుదకు దేవతారూపమును గూడ పొందెను. తెస్కాట్లిపోకా యను మహాదేవునికి 'చాల్చివ్‌తోతోలిన్' అనగా మరకతపక్షి యనునొక రూపము కలదు. ఆ రూపము ఈ టర్కీయే. వారి నావాత్లుభాషలో మగపక్షికి 'వెషొలోట్ల్' అనియు పెట్టకు 'తోతోలిన్' అనియు వేర్వేఱు పేళ్ళు కలవు. 1519లో స్పెయినుసేనలతో దిగిన కోర్తెసు, మరుసటియేట తన రాజునకు వ్రాసిన లేఖలో, మోక్టెజూమా చక్రవర్తి పక్షిశాలలోని డేగలకును గ్రద్దలకును ఈ 'కోళ్ళనే' మేపుచుండిరని ఆశ్చర్యముతో పేర్కొనెను.

కోర్తెసు వానిని కోళ్ళనెను. ఆతనికి వేఱుమాట తెలియదు. క్రొత్తవస్తువును చూచిన నరుడు తానెఱిగిన వస్తువు పేరునే దానికి తగిలించును. అయితే మగపక్షి తోక విప్పి ఒడలు పొంగించి తిరుగుట చూచిన స్పెయినువారికి కోడికంటె నెమలియే తలపునకు రాగా, లాటినునుండి తమకు సంక్రమించిన 'పావో' యను నెమలిపేరును ఈ పక్షికి ఇచ్చివేసిరి. ఇచ్చినపిమ్మట నెమలికి వేఱు పేరు కావలసివచ్చెను. నాటినుండి స్పెయినుభాషలో మన నెమలి 'పావో రెయాల్', రాజపావో, అయినది. భారతభూమిలో పుట్టి అలెగ్జాండరుకాలమునకే గ్రీకులను మోహింపజేసిన పక్షి, నిన్న వచ్చిన యతిథికి తన పేరు వదలి విశేషణముతో తృప్తిపడవలసివచ్చెను.

ఇప్పుడు ఇంగ్లండునకు పోవుదము. 'టర్కీకాక్' అను మాట అచ్చట పదునారవ శతాబ్దమధ్యమున కానవచ్చును. 1541లో కాంటర్బరీ ప్రధానాచార్యుడు క్రాన్మరు మతాచార్యుల భోజనాడంబరమును తగ్గించుటకై చేసిన కట్టడిలో, కొంగ, హంస, టర్కీకాక్ వంటి పెద్దపక్షులలో ఒక్కటికంటె నెక్కువ వడ్డింపరాదని విధించెను. పెద్దలపంక్తికే తగిన అరుదైన వంటకముగా దానిని ఎన్నిరని దీనివలన తెలియుచున్నది. 1550లో యార్క్‌షైరువాసియైన విలియం స్ట్రిక్లండు అను నాతడు తన వంశచిహ్నముగా తోక విప్పిన టర్కీని పొందెను. ఈ పక్షిని ఇంగ్లండునకు మొదట తెచ్చినవాడతడేయని వాడుక. ఆతని యూరైన బాయింటనులోని చర్చియందు వేదగ్రంథము నుంచు పీఠము సాధారణముగా గరుత్మంతునివంటి గ్రద్దరూపమున నుండవలసినది, టర్కీరూపమున చెక్కబడియున్నది. ఆ శతాబ్దాంతమునకు షేక్స్పియరు తన నాలుగవ హెన్రీ నాటకమున బండివాండ్ర బుట్టలలో టర్కీలను కూర్చుండబెట్టెను. ఆ రాజు 1413లోనే గతించినాడనియు, నాటికి యూరపులో ఎవ్వరును ఈ పక్షిని ఎఱుగరనియు ఆ మహాకవికి స్ఫురింపలేదు. యాబదేండ్లలో పేరును పక్షియు అంత పాతపడిపోయినవి.

అయినను టర్కీ యను పేరు దానికెట్లు వచ్చినది? ఇందులో మఱియొక పక్షి కథ ఇమిడియున్నది. ఆఫ్రికాఖండమున ఒడలినిండ చుక్కలుగల గినీకోడి యనునొక పక్షి కలదు. గ్రీకులు దానిని 'మెలెయాగ్రిస్' అనిరి. మెలెయాగరు అను వీరుడు మరణింపగా ఆతని అక్కచెల్లెండ్రు ఎడతెగక విలపించిరనియు, ఆర్టెమిస్ దేవి వారిని పక్షులుగా మార్చెననియు, వారి కన్నీటిబిందువులే ఆ ఈకలమీది చుక్కలనియు పురాణగాథ. రోమనులు ఈ పక్షిని పెంచిరి; వారి సామ్రాజ్యముతోపాటు పశ్చిమయూరపున అది కనుమఱుగై, మరల పదునైదు పదునారవ శతాబ్దములలో వర్తకులవలన వచ్చెను. అటు పోర్చుగీసువారు గినీతీరమునుండి తెచ్చిరి. ఇటు తురుష్కసుల్తానుల యేలుబడిలోని తూర్పు మధ్యధరారేవులనుండి దిగుమతియయ్యెను. 1517లో ఈజిప్టు గూడ తురుష్కుల వశమగుటచే ఆ వర్తకమార్గములన్నియు వారి చేతిలోనివయ్యెను. ఆ మార్గమున సరకు తెచ్చువారిని ఇంగ్లండులో టర్కీవర్తకులనిరి. 1581లో ఎలిజబెత్ రాణి సనదుతో ఏర్పడిన సంఘమునకే టర్కీ కంపెనీ యని పేరు. వారి సరకులోని కోడి టర్కీకోడి యయ్యెను. ఇంతలో అట్లాంటికుమీదుగా అమెరికాపక్షి వచ్చెను. ఇదియు పెద్దది, ఇదియు బోడితలది, ఇదియు దూరదేశపుది. కొన్నాళ్ళు రెండు పక్షులును ఒక్కపేరుననే వ్యవహరింపబడెను. అప్పటి గ్రంథములలో ఏది ఏదియో తేల్చుట నేటికిని కష్టము. తుదకు వంటయింట గెలిచిన పెద్దపక్షి పేరును తనకే ఉంచుకొనెను. ఆఫ్రికాపక్షికి ఆంగ్లమున గినీ యను తీరము పేరు మిగిలెను.

మధ్యధరావర్తకులు అమెరికాపక్షిని గూడ స్పెయినునుండి కొని ఇంగ్లండున నమ్మియుందురనియు, కావున పేరు నేరుగనే దానికి అంటెననియు వాదించువారు కలరు. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావు. మొదటిదియే ప్రధానకారణమని నా యభిప్రాయము. అయితే రెండవదానిని బలపఱచు సాక్ష్యమొకటి పొలములో దొరకును. మొక్కజొన్న కూడ అమెరికాలో పుట్టినదే. దానిని నాటి ఆంగ్లేయులు 'టర్కీగోధుమ' యనిరి, ఇటలీవారు నేటికిని 'గ్రాన్‌తుర్కో', తురుష్కధాన్యము, అనియే పిలుచుచున్నారు. సముద్రముపైనుండి వచ్చిన ప్రతి విచిత్రవస్తువును తురుష్కదేశపుదేయని తలచునంతటి కీర్తి నాటి యూరపులో ఆ సామ్రాజ్యమునకుండెను.

గందరగోళము నిఘంటువులకెక్కుట సహజము, శాస్త్రమునకెక్కుట విచారకరము. 1758లో లినేయసు ప్రాణులన్నిటికి ద్విపదనామములు పెట్టునప్పుడు ఈ పక్షికి 'మెలెయాగ్రిస్ గల్లోపావో' అను పేరు స్థిరపఱచెను. మెలెయాగ్రిస్ అనగా గ్రీకుల గినీకోడి. గల్లుస్ అనగా కోడిపుంజు. పావో యనగా నెమలి. మూడు పక్షులు చేరిన యీ నామమున నాలుగవదైన ఆ పక్షికి చోటే లేకపోయెను. చచ్చిన వీరునికై యేడ్చిన గ్రీకుకన్యల కన్నీటిచుక్కలు, ఒడలిపై చుక్కయే లేని మెక్సికోపక్షికి శాశ్వతముగా సంక్రమించినవి.

ఇక మనకు ప్రత్యేకముగా సంబంధించిన యొక వాదమును కొంత నిదానించి పరిశీలింపవలెను. హీబ్రూ వేదమున సొలొమోనురాజు ఓడలు తెచ్చిన వస్తువులలో 'తుక్కీ' యను పేరుగల పక్షులు చెప్పబడినవి. సంప్రదాయవ్యాఖ్యాతలు వానిని నెమళ్ళనిరి. ఆ పదము ద్రావిడమునుండి పోయినదని పలువురు పండితులు తలచిరి. కాల్డ్వెల్ 1856లో వెలువరించిన ద్రావిడభాషావ్యాకరణమున తమిళపు 'తోకై'తో, అనగా నెమలిపింఛముతో, దానిని పోల్చెను. ఆ తోకైకి మన 'తోక' తోబుట్టువు. ఇంతవఱకు వాదము గౌరవనీయమే. అయితే దీనిమీద మఱియొక కథ కట్టబడినది. కొలంబసు మొదటి యాత్రలో దుబాసీగా పోయిన లూయీ ద తొరెస్ అను హీబ్రూభాషాభిజ్ఞుడు అమెరికాపక్షిని చూచి తుక్కీ యనెననియు, ఆ మాటయే టర్కీ యయ్యెననియు చెప్పుదురు. ఇది నిజమైనచో ఆంగ్లేయుల పండుగభోజనమున మన తోక వడ్డింపబడుచున్నదన్నమాట! ఏ తెలుగువాని మనస్సు దీనికి ఉప్పొంగదు?

కాని ప్రీతి ప్రమాణము కాదు. తొరెసు చూచిన ద్వీపములలో ఈ పక్షి సహజముగా లేదు. అదిగాక 1493 జనవరిలో కొలంబసు స్పెయినునకు తిరిగి పోవునప్పుడు లా నావిదాదు అను కోటలో విడిచిన ముప్పదితొమ్మండ్రలో తొరెసు ఒకడు. ఆ సంవత్సరాంతమున కొలంబసు మరల వచ్చుసరికి వారిలో నొక్కడును ప్రాణములతో లేడు. ఆతడు పలికినదనబడు మాటను యూరపునకు చేర్చినవారెవ్వరు? స్పెయినుభాషలో దాని జాడయే లేకుండ అర్ధశతాబ్ది గడచినపిమ్మట ఇంగ్లండున అది యెట్లు మొలచెను? హీబ్రూభాష మాటలాడువారే నేడు ఈ పక్షిని 'హోదూ'కోడి, అనగా హిందూదేశపుకోడి, అనుచుండగా, ఆ భాషనుండియే టర్కీ యను పేరు పుట్టెననుట యెట్లు పొసగును? పక్షి తుర్కు తుర్కు మని కూయుటచే పేరు వచ్చెనను వాదము ఇంతకంటెను బలహీనము. దానికై కాలము వెచ్చింపను. తోకై తుక్కీల బంధుత్వము వేఱు, తుక్కీ టర్కీల బంధుత్వము వేఱు. మొదటిదానిని విచారింపవచ్చును, రెండవదానిని విడువవలెను. మన భాషమీది యనురాగము మనచేత అసత్యమును పలికింపరాదు.

మన దేశమునకు ఈ పక్షినామములలో నిక్కమైన భాగము మఱొకటి కలదు. అది కల్పితభాగముకంటె పెద్దది. కొలంబసు తాను చేరినది ఇండియాయే యని భ్రమించుటచే స్పెయినువారు అమెరికాను 'ఇండియాలు' అనిరి. ఫ్రెంచివారి 'కోక్ దాంద్', ఇండియా కోడిపుంజు, కుదించుకొనిపోయి 'దాంద్' అయినది. దేశము పేరే పక్షిపేరైనది. రష్యనులు, పోలండువారు, అర్మేనియనులు, తురుష్కులు, అందఱును ఇండియాపేరుననే దానిని పిలిచిరి. ఉత్తరయూరపువారు ఇంకను సూక్ష్మముగా పోయి, ఇండియా యని ఊరకొనక, ఏ రేవో గూడ చెప్పిరి. డచ్చివారి 'కాల్కూన్', డేనులు పలుకు 'కల్కున్', స్వీడనువారి 'కల్కోన్', లిథువేనియనుల 'కలకుతాస్', ఇవన్నియు కాలికట్టు కోడి యను మాటకు రూపాంతరములు. 1498లో వాస్కో ద గామా దిగినది ఆ రేవు ప్రాంతముననే. మిరియములకును, తన పేరే పొందిన కాలికో బట్టకును అది యూరపునందంతట ప్రసిద్ధికెక్కెను. దూరపు సరకన్నచో కాలికట్టు సరకే. కాలికట్టునకు మలయాళమున గల కోళిక్కోడు పేరునకు, కోడికూత వినవచ్చినంత మేర యని అర్థము చెప్పు గాథ మలయాళదేశమున కలదు. డచ్చికోడికిని ఈ గాథలోని కోడికిని ముడిపెట్టుట మనోహరమేగాని, పైని చెప్పిన తోకవలెనే దీనిని గూడ ప్రక్కనుంచుట మేలు.

ఈ కాలికట్టుమాట చేసిన ప్రయాణము నన్ను మిక్కిలి ఆకర్షించినది. అది మలబారునుండి ఆమ్స్టర్డాము చేరి, అచ్చట ఎన్నడును మలబారు చూడని పక్షికి పేరై, డచ్చివారు సింహళద్వీపపు తీరములను ఏలిన కాలమున వారి నోట మరల తూర్పునకు వచ్చి, సింహళభాషలో 'కళుకుం' అని నిలిచియున్నది. కోళిక్కోడునకు కొలదిదూరముననే యున్న సింహళీయులు ఆ పేరును సగము భూగోళము చుట్టివచ్చిన పిమ్మట అందుకొనిరి.

ఇక మన గడ్డమీదికి పక్షియే వచ్చిన సందర్భమును చెప్పెదను. మొగలు చక్రవర్తియైన జహంగీరు ముకర్రబుఖాను అను నుద్యోగిని గోవారేవునకు పంపి, అచ్చటి పోర్చుగీసువారైన ఫిరంగుల యొద్ద దొరకు వింతవస్తువులను వెలకు వెనుదీయక కొనితెమ్మని యాజ్ఞాపించెను. 1612లో ఆతడు తెచ్చిన ప్రాణులలో నొకటి టర్కీపుంజు. చక్రవర్తి దానిని ఎంతకాలము చూచుచు కూర్చుండెనో గాని, తన స్మృతిగ్రంథమున వ్రాసిన వర్ణన నేటి పక్షిశాస్త్రజ్ఞుడును మెచ్చదగినది. ఆడునెమలికంటె పెద్దది, మగనెమలికంటె చిన్నది యని ప్రమాణము చెప్పెను. మదించినప్పుడు తోక విప్పి నెమలివలె ఆడుననెను. తల, మెడ, గంగడోలు పగడపుటెఱుపునుండి ప్రత్తితెలుపునకును, ఆ తెలుపునుండి పేరోజారాతి నీలచ్ఛాయకును క్షణక్షణము మాఱుటను గమనించి, ఊసరవెల్లితో పోల్చెను. నెత్తిమీది కండ ఒకప్పుడు ఏనుగుతొండమువలె జేనెడు వ్రేలాడుననియు, ఇంకొకప్పుడు కుంచించుకొని ఖడ్గమృగపు కొమ్మువలె నిలుచుననియు వ్రాసెను. తన ప్రపితామహుడైన బాబరు ప్రాణులను వర్ణించెనే కాని వాని చిత్తరువులను వ్రాయింపలేదని తలచి, తాను చిత్రకారులచే రూపములను గూడ లిఖింపజేసెను. ఉస్తాదు మన్సూరు చిత్రించిన ఆ టర్కీ నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది.

వచ్చిన ఈ ప్రాణుల పేళ్ళు ఎవ్వరికిని తెలియవని జహంగీరు స్పష్టముగా చెప్పెను. పేరు తెలియనందున ఆతనికి పక్షియే కనబడినది. స్పెయినువాడు నెమలిని చూచెను, ఆంగ్లేయుడు తురుష్కుని చూచెను, డచ్చివాడు కాలికట్టును చూచెను. రంగు, కండ, నడక, వీనిని ఒక్కొక్కటిగా పరికించినవాడు ఆగ్రా దర్బారున కూర్చున్న ఈ రాజు. ఈ పక్షిని గూర్చి నేను చదివిన వ్రాతలలో దీనికి సాటి రాగలది మఱియొకటి లేదు. పారసీకభాషలో నేటికిని టర్కీకి 'బూకలమూన్' అనియే పేరు. ఊసరవెల్లిని చెప్పు మాట యది. దేశములను విడిచి గుణమును పట్టుకొన్న పేరిది.

తక్కినవారి పేళ్ళను త్వరగా దాటుదును.  మలయాదేశమువారు డచ్చికోడి యనిరి. ఈజిప్టులో అది రూమీపుంజు, అనగా రోమకదేశపు పుంజు. జపానువారు మాత్రము రంగులు మాఱు మొగమును చూచి ఏడుమొగముల పక్షి యనిరి. మన తెలుగువారు 'సీమకోడి' యనిరి. సీమ యనగా మనకు ఓడదిగి వచ్చినదంతయు: సీమచింత, సీమవంకాయ, సీమసున్నము. అందు సీమచింతయు టర్కీ పుట్టిన మెక్సికోప్రాంతమునుండియే స్పెయినువారి మనీలా ఓడలమీద తూర్పునకు వచ్చినది. అందుచేతనే ఆంగ్లేయులు దానిని మనీలాచింత యనిరి. ఈ సీమశబ్దమున ఒక నిజాయితీ యున్నదని నా యభిప్రాయము. దూరమునుండి వచ్చినదని మాత్రము చెప్పి, ఏ దేశపుదోయని తెలియనిచోట తెలిసినట్లు నటింపలేదు. సీమ చేర్చిన మన చెట్లపేళ్ళును పక్షులపేళ్ళును ఒక్కచోట కూర్చి, ఒక్కొక్కటి యే రేవున దిగినదో పరిశోధించు పనికి యువపండితులెవరైన పూనినచో ఈ స్మారకోపన్యాసనిధి సార్థకమగును.

పక్షి జన్మభూమికి పేరు తిరిగి పోయిన విధము చెప్పవలసియున్నది. పదునేడవ శతాబ్దమున ఉత్తరఅమెరికాలో వలసలు పెట్టిన ఆంగ్లేయులు తమతోడ పెంపుడుటర్కీలను ఓడలలో తీసికొనిపోయిరి. మెక్సికోనుండి స్పెయినునకును, స్పెయినునుండి ఇంగ్లండునకును చేరిన వంశము మరల అట్లాంటికు దాటి, అడవులలో తిరుగుచున్న తన జ్ఞాతులను చూచెను. ఆ యడవిపక్షికిని వలసవారు టర్కీ యనియే పేరుపెట్టిరి. 1784లో అమెరికా రాజనీతిజ్ఞుడైన ఫ్రాంక్లిను తన కూఁతురునకు వ్రాసిన జాబులో, రాజ్యచిహ్నమైన గ్రద్దకంటె ఇది గౌరవనీయమైనదనియు, నిజమైన అమెరికా స్వదేశీయపక్షి యనియు మెచ్చుకొనెను. ఆ స్వదేశీయునికి పరదేశపు పేరుండుట ఆయనకు అడ్డము కాలేదు. 2022లో తురుష్కప్రభుత్వపు కోరికపై ఐక్యరాజ్యసమితి ఆ దేశపు పేరును 'తుర్కియే' యని మార్చి వ్రాయ నారంభించినందున, ఆ సభాపత్రములలో దేశమును పక్షియు ఇప్పటికి వేఱుపడినవి.

మెక్సికోలో మాత్రము స్పెయినుభాష అయిదువందలయేండ్లుగా రాజ్యమేలుచున్నను, పల్లెలలోను సంతలలోను ఈ పక్షిని 'పావో' యనుటకంటె 'గ్వాహొలోతె' యనుటయే యెక్కువ. అది వెషొలోట్లునకు స్పెయినునోట వచ్చిన రూపము. పెండ్లిండ్లలో మిరపయు కోకోయు కలిపి వండు మోలె పులుసున వేయునది గ్వాహొలోతెయే. ఆ పదములోని 'షొలోట్ల్' కెత్సల్కోవాట్లు అను దేవునకు కవలసోదరుడైన దేవుని పేరు. లోకమునకై దేవతలందఱును ప్రాణములర్పింపవలసివచ్చినప్పుడు ఆతడొక్కడు మరణమునకు వెఱచి రూపములు మార్చుచు పాఱిపోయెనని సహగూను అను సన్న్యాసి నావాత్లు వృద్ధులవలన విని వ్రాసికొనెను. నీటిలో దాగి ఆతడు పొందిన తుదిరూపమే మెక్సికో సరస్సుల ఆక్షొలోట్లు అను ప్రాణి. దాని పేరునను ఆ దేవుడే యున్నాడు. నావాత్లు నేటికిని పదునైదులక్షలకు పైబడిన ప్రజలు మాటలాడు భాష. ఈ పక్షికి మొట్టమొదట పెట్టిన పేరును, ఆ పేరులోని దేవుని కథను అడిగి తెలిసికొనదలచినవారు పోవలసినది వారి యిండ్లకు.